దీపాలాయన

మా ఇంట్లో నన్ను కత్తెర అంటారు. బడిపిల్లలకీ ఆసుపత్రి నర్సులకీ యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతాను కాబట్టి ఆ పేరొచ్చిందని బయటివాళ్ళకి చెబుతాం. అసలు సంగతి నా నోరు. ఎవరైనా తప్పు మాట్లాడితే అక్కడికక్కడే కడిగేస్తాను. తర్వాత ఇంటికొచ్చి కాసేపు బాధపడతాను. మర్నాడు మళ్ళీ మామూలే. ఈ నోరు చూసుకుని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మా ముత్తాత సంగతి చెప్పాలి. మా ముత్తాత సంగతి చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోవాలి. అయినా చెబుతాను.

మా తమ్ముడు ఉంటున్న ఇల్లు మా తాత ఉద్యోగంలో చేరగానే అద్దెకి తీసుకుని, తర్వాత కొన్నది. ముందుగదిలో అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద పెద్ద ఫోటో ఒకటి కనబడుతుంది. కోటు తొడుక్కుని, కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆనించి కూర్చున్న మీసాల పెద్దమనిషి. ఎడమ కనుబొమ మధ్యలో గాటు. ఒక కన్ను కొంచెం చిన్నది చేసి, మన లోపలి ఆలోచనలన్నీ కనిపెట్టేస్తున్నట్టు చూస్తాడు. ఆయన మా తాతకి తండ్రి అనీ, వంతెనలు కట్టించే ఓవర్సీరనీ, మా తాత పసివాడుగా ఉండగానే వంతెన పని మీద కాలుజారి పడి పోయాడనీ చెప్పుకునేవాళ్ళం. కనుబొమ మీది గాటు కూడా అంతకుముందు ఏదో వంతెన దగ్గర ఇనప కమ్మీ తగిలి పడిందే. చిన్నప్పుడు మేం అల్లరి చేస్తే, "ఓవర్సీరుగారి మునిమనవలు చేయాల్సిన పనేనా ఇది?" అని మా నాన్న ఆ ఫోటో చూపించేవాడు. దుకాణంలో మిషన్ ముందు కూర్చున్నప్పుడు కూడా నేను వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంటాను. అది ఆ ఫోటో చూసి నేర్చుకున్నదే.

పోయిన వేసవిలో తమ్ముడి కూతురు, "అత్తా, మన వంశం గురించి చిన్న పుస్తకం వేద్దాం, చుట్టాలందరికీ పంచుదాం" అంది. నేను ఎగిరి గంతేశాను. నలుగురిలో గొప్పలు చెప్పుకునే అవకాశం వస్తే ఎవరు వదులుకుంటారు? అట్ట మీద ముత్తాత ఫోటో వేయాలని ఆ నిమిషంలోనే తీర్మానించేశాను. వెంటనే మా పెద్దత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మా నాన్నకి అక్క. ఎనభై దాటినా కళ్ళూ పళ్ళూ జ్ఞాపకమూ గట్టిగానే ఉన్నాయి. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి, అదే ఇంట్లో వెనకగదిలో ఉంటోంది.

"అత్తా, మీ తాత సంగతులు చెప్పు. రాసుకుంటాను."

"నాకేం గుర్తులేదే పిల్లా" అంది, నా మొహం చూడకుండా.

వీధిలో ప్రతి ఇంటి పుట్టుపూర్వోత్తరాలూ గడగడా అప్పజెప్పే మనిషికి సొంత తాత గుర్తులేడంటే నాకు ఒళ్ళు మండింది. "నువ్వు చెప్పకపోతే నాకు దొరకదా ఏం?" అని విసురుగా లేచి వచ్చేశాను.

ఫోటో పాతబడి మచ్చలు పడింది. దాన్ని దించి, దుప్పట్లో చుట్టి, బజారు చివర ఉన్న పాత స్టూడియోకి పట్టుకెళ్ళాను. ఫ్రేము వెనక అట్ట మీద ఆ స్టూడియో ముద్రే ఉంది. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది మొదటి యజమాని మనవడు. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. దుప్పటి విప్పగానే నమలడం ఆపాడు.

"ఈయన్ని నేను చూశానే!"

"చూడకేం, మీ తాతగారు తీసిందే కదా. మా ముత్తాత" అన్నాను.

"అది కాదండీ. పోయినేడాది డాక్టరమ్మగారు తెచ్చారు. పిల్లల డాక్టరు, ఈమధ్య రిటైరయ్యారు చూడండి, ఆవిడ. ఇదే మనిషి, ఇదే కోటు. వాళ్ళ తాతగారన్నారు."

"మా ముత్తాత వాళ్ళ తాత ఎలా అవుతాడయ్యా? ఎక్కడో మా ఫోటో కొట్టేసి ఉంటారు!"

"ఏమోనమ్మా, మీరూ మీరూ తేల్చుకోండి" అని మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.

ఇంకొకరైతే ఇంటికెళ్ళి, మంచినీళ్ళు తాగి, ఆలోచించేవాళ్ళు. నేను ఆ ఫోటో చంకలో పెట్టుకుని తిన్నగా డాక్టరమ్మ ఇంటికి నడిచాను. ఆవిడ తలుపు తీసీ తీయగానే, "మా ముత్తాతని మీ గోడకి తగిలించుకోవడానికి మీకు సిగ్గుగా లేదటండీ?" అన్నాను. పక్కింటి వాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. చూడనీ అని ఇంకాస్త గొంతు పెంచాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి, "ఎండన పడి వచ్చినట్టున్నారు, లోపలికి రండి" అంది. జన్మంతా ఏడ్చే పిల్లల్ని చూసిన మనిషి కదా, నా అరుపులు ఆవిణ్ణి ఏం చేస్తాయి?

లోపల గోడ నిండా ఆయనే. భార్య పక్కన నిలబడి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సైకిల్ పట్టుకుని, జుట్టంతా ఊడిపోయి వాలుకుర్చీలో పడుకుని. అన్నింట్లోనూ ఎడమ కనుబొమ మధ్యలో గాటు. నా చంకలో ఉన్న ఫోటో జారిపోతున్నట్టనిపించి గట్టిగా పట్టుకున్నాను.

"ఆ గాటు..." అన్నాను.

"చిన్నప్పుడు మేక పొడిచిందట" అంది డాక్టరమ్మ. "మా తాతగారు రంగుల కంపెనీకి ఏజెంటుగా చేసేవారు. ఏదీ, మీ ఫోటో చూడనివ్వండి. ఓహో, ఇదా! ఒక కన్ను చిన్నదిగా పడిందని ఆయనకి నచ్చలేదట. ఇది నాకొద్దు పొమ్మని స్టూడియోలోనే వదిలేసి, ఇంకోటి తీయించుకున్నారు. ఆయన కోపం గురించి మా నాయనమ్మ ఇదే కథ చెప్పి నవ్వుతుండేది."

మా నాన్న చూపించి భయపెట్టిన చూపు, నన్ను నిటారుగా కూర్చోబెట్టిన చూపు, అది రెప్పపాటు సమయంలో తప్పుగా పడిన కన్ను. మేం తరతరాలుగా కళ్ళకద్దుకున్నది ఆ మనిషే వద్దని పారేసిన ఫోటో. నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో అనబోయాను, ఆవిడే అడిగింది:

"మరి మీ ముత్తాతగారు ఎవరండీ?"

వెక్కిరించలేదు. జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినంత మామూలుగా అడిగింది. "ఈ ఫోటో మీది, ఇచ్చేస్తాను" అని మాత్రం గొణిగాను.

"తొందరేం లేదు. మీ గోడ మీదే ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఎవరిదో మాత్రం చెప్పండి, చాలు" అంది.

ఆ పూట నేను దుకాణం తెరవలేదు.

మర్నాటి నుంచి మా ముత్తాత కోసం వెతకడం మొదలుపెట్టాను. ఈసారి గొప్పలకి కాదు, మొహం చెల్లడానికి. మా తాత చదివిన బడికి యూనిఫారాలు కుట్టేది నేనే కాబట్టి అక్కడి గుమాస్తా కాదనలేక పాత అడ్మిషన్ పుస్తకాలు దులిపి ఇచ్చాడు. తాత పేరు దొరికింది. పక్కన తండ్రి పేరు, తండ్రి వృత్తి. 'ఫోటో స్టూడియోలో దీపాల పని' అని రాసి ఉంది. వంతెన లేదు, ఓవర్సీరూ లేడు. పోనీ, దీపాల పని చేశాడు, తప్పేముంది అనుకున్నాను. నిజంగానే తప్పనిపించలేదు నాకు.

పురపాలక ఆఫీసులో మరణాల రిజిస్టర్లు చూసే ఆవిడ నాలాంటిదే, నోరున్న మనిషి. తాత పసితనం నాటి పుస్తకాలన్నీ ఆవిడ చేత తిరగేయించాను. ముత్తాత పేరు ఎక్కడా లేదు. "చావనివాణ్ణి చచ్చాడని వెతికిస్తున్నారు, అవతల పుస్తకాలు కూడా చూస్తే పోలా?" అని ఆవిడే విసుక్కుంటూ తర్వాతి ఏళ్ళవి తీసింది. తాతకి ఉద్యోగం వచ్చిన ఏడు, లేదు. పెళ్ళయిన ఏడు, లేదు. మా నాన్న బడిలో చదువుతున్న రోజుల నాటి పుస్తకంలో దొరికాడు. అదే పేరు, అదే వృత్తి. చిరునామా మా ఇల్లు. చావు సంగతి వచ్చి చెప్పింది మా తాత. చెప్పినవారికి చనిపోయినవారితో సంబంధం అన్న గడిలో ఒకే మాట ఉంది: యజమాని.

ఇంకెవరో అనుకున్నాను ముందు. అదే పేరున్న పనివాడు మా ఇంట్లో ఉండేవాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అంతలోనే నాకు గుర్తొచ్చింది, చిన్నప్పుడు పెద్దవాళ్ళ మాటల్లో 'దీపాలాయన' అని ఒక పేరు దొర్లేది. "దీపాలాయన ఉన్నప్పుడు" అని ఎవరో మొదలుపెట్టగానే తాత లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు. ఇంటి పనివాడిమీద అంత కోపమేమిటా అనుకునేదాన్ని.

"ఈయన మీకేమవుతారు?" అంది రిజిస్టరావిడ.

"కనుక్కుని చెబుతానండీ" అని నకలు తీసుకుని బయటపడ్డాను.

పెద్దత్త వెనకగదిలో మంచం మీద కూర్చుని ఉంది. నేను నకలు చదవడం మొదలుపెట్టాను. యజమాని అన్న మాట రాగానే చెయ్యి చాచి కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

"ఆ మాట ఇంకోసారి చదవకే" అంది. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "తలుపు వేసి రా" అంది.

ఆవిడ చెప్పినదంతా మా తాత తన చివరి రోజుల్లో ఏడుస్తూ కూతురికి చెప్పుకున్నది, కొంత మా నాయనమ్మ చెప్పినది, మిగతాది ఆవిడ కళ్ళారా చూసినది. నాకు అర్థమైన వరసలో రాస్తాను.

ఆయన చిన్నతనంలోనే స్టూడియోలో చేరాడు. ఫోటో తీసే యజమాని నల్లగుడ్డ కింద తల దూర్చుకుని ఉంటే, ఏ దీపం ఎక్కడ పెట్టాలి, ఏ మొహానికి ఏ పక్కనుంచి వెలుగు తిప్పాలి అన్నదంతా ఈయన పని. వేడి దీపాలు జరిపీ జరిపీ వేళ్ళ చివరలు మొద్దుబారిపోయాయి, పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో దించేవాడట. భార్య పురిట్లోనే పోయింది. కొడుకుని స్టూడియోలోనే పెంచాడు. వెనక కట్టే తెర మీద మేడలూ మెట్లూ పూలకుండీలూ వేసి ఉండేవి. ముందువైపు జనం ఆ మేడకి ఆనుకుని ఫోటోలు దిగుతుంటే, వెనకవైపు చాప మీద మా తాత నిద్రపోయేవాడు.

కొడుకుని చదివించాడు. కొడుకు తెలివైనవాడు. పెద్ద ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా పని ఖాళీ ఉందని తెలిసి వెళ్ళాడు. అక్కడ మేనేజరు వంశం, కుటుంబం అన్నీ అడిగాడట. కుర్రవాడు బెదిరిపోయి, నాన్న ఓవర్సీరు, వంతెన మీంచి పడి పోయాడు అనేశాడు. ఉద్యోగం వచ్చింది. ఇంటికొచ్చి తండ్రికి చెప్పి తలదించుకున్నాడు.

"తిట్టాడా?" అని అడిగాను.

"తిట్టడమా! 'పోనీలేరా, పనిలో ఉండగా పోయానన్నావు, గౌరవంగానే చంపావు' అని నవ్వాడట" అంది పెద్దత్త. ఆవిడ నవ్వలేదు.

కొన్నాళ్ళకి మేనేజరు ఇంటికొస్తానన్నాడు. తన దూరపు చుట్టాలమ్మాయి ఒకతె ఉంది, కుర్రవాడి ఇల్లూ వాకిలీ చూద్దామని ఆయన ఉద్దేశం. ఇంట్లో ఓవర్సీరు ఫోటో అయినా లేకపోతే ఏం బాగుంటుంది? కొడుకు నిద్రాహారాలు మానేసి తిరుగుతుంటే తండ్రే చూడలేకపోయాడు. స్టూడియోలో ఎవరూ తీసుకెళ్ళని ఫోటోల పెట్టెలోంచి, ఉన్నవాళ్ళలోకెల్లా దర్జాగా ఉన్న మనిషిని ఏరి తెచ్చాడు. కిటికీలోంచి వెలుతురు ఎటు పడుతుందో నిలబడి చూసుకుని, గోడకి మేకు తనే కొట్టాడు. "ఈయన మీ నాన్న. బాగున్నాడు కదూ?" అన్నాడట కొడుకుతో. మేనేజరు వచ్చిన పూట భుజాన తువ్వాలు వేసుకుని మంచినీళ్ళు అందించింది కూడా ఆయనే. ఒక్క పూటకే అనుకున్నారు ఇద్దరూ.

పెళ్ళి కుదిరింది. పెళ్ళయ్యాక చెబుతానన్నాడు కొడుకు. పెళ్ళయ్యాక, పిల్ల పుట్టాక చెబుతానన్నాడు. పిల్ల పుట్టింది, ఆ పిల్ల మా పెద్దత్త. ఇక అప్పటికి మామగారి తరఫువాళ్ళు వారం వారం వచ్చిపోతున్నారు. స్టూడియో పని మానేసిన ముసలాయన ఈ వెనకగదిలో ఉంటూ, వంటింటి పనీ, బజారు పనీ, పిల్లల పనీ చేస్తూ దీపాలాయన అయిపోయాడు. కోడలు ఆయన్ని పాత నౌకరనే అనుకుంది. ఉప్పెక్కువైందని అరిచేది, చీపురు మూలన పెట్టలేదని అరిచేది. ఆయన "అలాగేనమ్మా" అనేవాడు.

"మరి నాయనమ్మకి ఎప్పుడు తెలిసింది?"

"మా నాన్నకి జబ్బు చేసినప్పుడు. ఒళ్ళు తెలియని జ్వరం. దీపాలాయన మంచం పక్కన కూర్చుని, 'ఒరే నాన్నా, కళ్ళు తెరవరా, నేనురా, మీ నాన్నని' అని తల నిమురుతున్నాడట. అమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఆ తర్వాత ఆయన మీద ఒక్కనాడు గొంతు లేపలేదు. మొట్టమొదటి కంచం ఆయనకే పెట్టేది. కానీ వంటింట్లోనే పెట్టేది. ముందుగదిలోకి రండి మామయ్యా అని పిలవడానికి అన్నేళ్ళు తిట్టిన నోరు రాలేదట. నాన్నే చెబుతాడేమోనని ఎదురుచూస్తూ అమ్మ, అమ్మకి తెలిసిపోతుందేమోనని భయపడుతూ నాన్న. అలాగే గడిపేశారు."

పెద్దత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"మమ్మల్ని ఎవర్నీ నీడలో కూర్చుని చదువుకోనిచ్చేవాడు కాదే. మా పీట పట్టుకుని వెలుతురు వైపుకి జరిపేవాడు. నా గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి, 'నీకు కుడివైపు మొహం బాగుంటుంది, పెళ్ళివారొస్తే ఇటు తిరిగి కూర్చో' అనేవాడు. నేనేమో నలుగురూ ఉన్నప్పుడు, 'ఏయ్ దీపాలాయనా, నా చెప్పులు తే' అనేదాన్ని. అలా అనమని మా నాన్నే నేర్పాడు. చుట్టాల ముందు మరీ చనువుగా ఉండకూడదని. ఆయన తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టేవాడు."

ఇంతసేపూ మా తాత మీద పళ్ళు నూరుతూ విన్నాను గానీ, ఆ తాత నాకు మిఠాయిలు కొనిపెట్టిన తాతే. ఎవర్ని తిట్టాలో తెలియని స్థితి నాకు అదే మొదటిసారి.

"ఫోటో ఒక్కటైనా లేదా అత్తా ఆయనది?"

"లేదు. ఊళ్ళో ప్రతి మొహానికీ వెలుగు పట్టాడు. ఆయనకి ఎవరూ పట్టలేదు." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఒసే కత్తెరా, నేను ఆయన్ని ఒక్కసారి కూడా తాతా అని పిలవలేదే. ఆ ముందుగదిలో, నలుగురి ముందు, ఆయన మన మనిషి అని ఎవరైనా గట్టిగా చెబితే విని పోవాలని ఉంది. నాకు ధైర్యం చాలదు, ఎప్పుడూ చాలలేదు. ఈ ఇంట్లో ఇన్నాళ్ళకి నోరున్న మనిషివి నువ్వు పుట్టావు. చెబుతావా?"

"చెబుతానత్తా. ఒట్టు" అన్నాను. ఆ క్షణంలో ఎవరొచ్చి అడిగినా చెప్పేసేదాన్నే. కానీ గదిలో మేమిద్దరమే ఉన్నాం.

తమ్ముడికి సంగతంతా చెప్పి, ఫోటో డాక్టరమ్మకి ఇచ్చేస్తానంటే వాడు నెత్తి పట్టుకున్నాడు. మా మేనకోడలికి సంబంధం చూస్తున్నారు. కుర్రవాడు మంచివాడు, పిల్ల కూడా ఇష్టపడింది. వచ్చే ఆదివారం వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క ఆదివారం గడవనీ. కుర్రవాడి నాయనమ్మ వంశం, వంశం అని ప్రాణం తీస్తోందట."

"దీపాలు పట్టుకుంటే వంశం పాడైపోతుందట్రా? నేను మిషన్ తొక్కుతాను, నువ్వు ఆఫీసులో లెక్కలు రాస్తావు. మనం ఏ కిరీటాలు పెట్టుకున్నాం?"

"దీపాల సంగతి ఎవడన్నాడు? కన్నతండ్రిని నౌకరుగా పెట్టుకున్నాడు చూడు మన తాత, అది ఏ మొహం పెట్టుకుని చెబుతావు? అలాంటి ఇంటికొచ్చి పిల్లనడిగే వాళ్ళెవరు?"

వాడన్నది నిజమే. అయినా ఓడిపోయినట్టు కనబడడం నాకు చేతకాదు కదా. "సరే, ఫోటో మళ్ళీ తగిలించు. కానీ ఎవరైనా అడిగారంటే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. తర్వాత నన్నని లాభం లేదు" అన్నాను. గుమ్మంలో నిలబడి పెద్దత్త వింటోంది. మొహంలో ఎంత ఆశో.

ఆదివారం పొద్దున్నే ఆవిడ తల దువ్వించుకుంది, ఇస్త్రీ చీర కట్టుకుంది. ముందుగదిలోకి ఎప్పుడూ పెద్దగా రాని మనిషి, చుట్టాలు రాకముందే వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

వాళ్ళు వచ్చారు. కుర్రవాడు, తల్లిదండ్రులు, చేతికర్రతో నాయనమ్మ. పలకరింపులయ్యాయి. ఎండల గురించి, బస్సుల గురించి మాట్లాడుకున్నాం. కుర్రవాడు మా పిల్ల వైపు దొంగచూపులు చూస్తుంటే నాకు ముచ్చటేసింది. మరదలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నాయనమ్మ కర్ర ఊతంతో లేచి నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచింది.

"ఎవరండీ ఈయన? మొహంలో ఎంత కళ ఉంది!"

తమ్ముడు నేల చూశాడు. ఏమీ తెలియని మా మేనకోడలు, అత్త ఇక అందుకుంటుంది చూడండి అన్నట్టు నవ్వుతూ నా వైపు తిరిగింది. పెద్దత్త కుర్చీలో కొంచెం ముందుకి వంగింది. చెవి ఇటు పెట్టింది.

నేను నోరు తెరిచాను. జీవితంలో ఎవరికీ జంకని నోరు. ఎదురుగా ఆ పిల్ల నవ్వు, కర్ర మీద చెయ్యి పెట్టుకుని జవాబు కోసం చూస్తున్న ముసలావిడ.

"మా ముత్తాతగారండీ" అన్నాను.

అక్కడితో ఆగినా కొంత బాగుండేది. నా నోరు ఆగితేగా! "ఓవర్సీరుగా చేసేవారు. పెద్ద పెద్ద వంతెనలు కట్టించారు. ఆ కనుబొమ మీద గాటు చూశారూ, పనిలో ఉండగా ఇనప కమ్మీ తగిలి పడిందే" అని కూడా చెప్పాను. నాయనమ్మ తల పంకిస్తూ వింది. తమ్ముడు ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది.

పెద్దత్త వైపు చూసే ధైర్యం లేక కిటికీ వైపు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లోంచి మరదలు, "అయ్యో, మీరెందుకత్తయ్యా, ఇలా ఇవ్వండి" అంటోంది. అంతలో టీ కప్పుల పళ్ళెం పట్టుకుని పెద్దత్త గుమ్మంలోకి వచ్చింది. కప్పులు టకటకమంటున్నాయి. భుజాన వంటింటి తువ్వాలు వేసుకుంది. ఒక్కొక్కరి ముందూ నడుం వంచి పళ్ళెం పట్టింది.

కుర్రవాడి తల్లి గాభరాగా లేచి నిలబడింది. "పెద్దవారు, మీరు తేవడమేమిటండీ! మీరు వీళ్ళకి ఏమవుతారు?"

"ఏమీ కానమ్మా" అంది పెద్దత్త, నా కళ్ళలోకి చూస్తూ. "ఈ ఇంట్లో పనిమనిషిని."

తమ్ముడే ముందు తేరుకున్నాడు. "మా మేనత్త అండీ! ఈవిడకి వేళాకోళం ఎక్కువ" అని పెద్దగా నవ్వాడు. హమ్మయ్య అనుకుని వచ్చినవాళ్ళందరూ నవ్వారు.

పెద్దత్త పళ్ళెం పట్టుకుని నా ముందుకి వచ్చి ఆగింది. నేను కప్పు తీసుకున్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు. నేనూ నవ్వాను.